ఆక్రమిత ప్రాంతానికి సాయం ఆగిపోతే ఏం అడగాలి, ఎవరిని అడగాలి

ఆక్రమణలో ఉన్న ప్రాంతానికి వెళ్లాల్సిన తిండి, మందులు దారిలో ఆగిపోయాయని వార్త రాగానే అందరం లారీల లెక్కలోకి దిగిపోతాం. ఒకరు వంద వెళ్లాయంటారు, ఇంకొకరు పది కూడా వెళ్లలేదంటారు, ఎవరి లెక్క కరెక్టో తేల్చే గొడవలో పడి అసలు ప్రశ్న అడగడమే మర్చిపోతాం. అక్కడి జనానికి తిండీ మందులూ అందేలా చూడాల్సిన బాధ్యత చట్టప్రకారం ఎవరిది? ముందు తేల్చాల్సింది ఇది. ఇది తేలితే లారీల లెక్కకి కూడా ఒక అర్థం వస్తుంది.

ఇది లాయర్ల కోసం రాస్తున్నది కాదు. విలేకరులు, స్టూడెంట్లు, సహాయ సంస్థల్లో కొత్తగా చేరినవాళ్లు, వార్తలు చూసి బుర్ర వేడెక్కినవాళ్లు చదువుకుంటే చాలు. చేతిలో ఒక్క పత్రం ఉంచుకోండి, 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం. నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అందులో 47 నుంచి 78 దాకా ఆర్టికల్స్ అన్నీ ఆక్రమిత ప్రాంతాల గురించే, వాటిలో మన పని ఎక్కువగా 55 నుంచి 63 వరకే. తొమ్మిది ఆర్టికల్స్, తీరిగ్గా చదివినా గంటలో అయిపోతుంది, అయినా టీవీల్లో గంటలకొద్దీ వాదించేవాళ్లలో చాలామంది వాటిని ఒక్కసారైనా తెరిచి చూసినట్టు కనపడరు.

మొదటి పని: అది ఆక్రమణేనా అని చూడటం

ఆక్రమించిన దేశం "మేం ఆక్రమించాం" అని సాధారణంగా చెప్పదు. విముక్తి అంటుంది, భద్రతా చర్య అంటుంది, లేదా అది మొదటినుంచీ మా భూభాగమే అంటుంది. ఆ పేర్లతో మీకు పనిలేదు. యుద్ధ నియమాలు చెప్పే 1907 హేగ్ నిబంధనల్లో ఆర్టికల్ 42 చెప్పేది ఒక్కటే: ఒక ప్రాంతం వాస్తవంగా శత్రుసైన్యం అధికారం కిందికి వస్తే అది ఆక్రమిత ప్రాంతం, ఆ అధికారం ఎంతవరకు నడుస్తుందో అంతవరకు. ఎవరూ తిరగబడకపోయినా సరే ఆక్రమణే, ఇది జెనీవా ఒప్పందం ఆర్టికల్ 2లో ఉంది. ఆ ప్రాంతాన్ని తమలో కలిపేసుకుంటున్నట్టు చట్టం చేసుకున్నా జనానికి ఉన్న రక్షణలు పోవు, ఇది ఆర్టికల్ 47.

ఇది నిజంగా ఎలా తేలుస్తారో చూడాలంటే కాంగో కేసు బాగుంటుంది. ఉగాండా సైన్యం కాంగోలోని ఇటూరిలో ఉంది, మేం ఆక్రమణదారులం కాదని ఉగాండా వాదించింది. అంతర్జాతీయ న్యాయస్థానం 2005 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పులో సైనికుల సంఖ్య పట్టుకుని కూర్చోలేదు. అక్కడి ఉగాండా సైన్యాధిపతి కిబాలి-ఇటూరి పేరుతో ఒక కొత్త ప్రావిన్స్ సృష్టించి దానికి గవర్నర్‌ని కూడా పెట్టాడని చూసింది. అంటే స్థానిక అధికారాన్ని పక్కకి తోసి తమ అధికారం నడిపారు, కాబట్టి ఆక్రమణే అంది. ఆ కేసు నష్టపరిహారం 2022లో తేలింది, మొత్తం 32.5 కోట్ల డాలర్లు.

మీరూ అలాగే చూడండి. లోపలికి వచ్చే దారులు ఎవరి చేతిలో ఉన్నాయి, పర్మిట్ మీద సంతకం ఎవరిది, కరెంటు స్విచ్చి ఎవరు కట్టేయగలరు, ఎవరు పుట్టారు ఎవరు పోయారు అన్న రిజిస్టరు మీద చివరి మాట ఎవరిది. సైనికులు వీధిలో కనపడకపోతే ఆక్రమణ పోయినట్టే అనుకోకండి. గాజా విషయంలో ఈ వాదన ఏళ్ల తరబడి నడిచింది, 2005లో ఇజ్రాయెల్ సైన్యాన్ని వెనక్కి తీసుకుంది కదా అని. 2024 జులై 19న ఇచ్చిన సలహా అభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం, భూమి, సముద్రం, గగనతలం దారులమీద అదుపు ఇంకా ఉంది కాబట్టి ఆ అదుపు ఎంత ఉందో అంతమేరకు బాధ్యతలూ ఉన్నాయని చెప్పింది. కొందరు ఒప్పుకుంటారు కూడా: 2003లో ఇరాక్‌లో అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమణదారులుగా గుర్తించిన భద్రతా మండలి తీర్మానం 1483కి ఆ రెండు దేశాలే ఓటేశాయి.

ఒకవేళ ఆక్రమణ కాదు, ముట్టడో దిగ్బంధనమో అని తేలితే మీరు చదవాల్సింది అదే నాలుగో జెనీవా ఒప్పందంలోని ఆర్టికల్ 23. ఇది చాలా ఇరుకైనది. మందులు పౌరులందరికీ వెళ్లనివ్వాలి, తిండీ బట్టలూ మాత్రం 15 ఏళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, బాలింతలకి. పైగా సరుకు దారి మళ్లుతుందని గట్టి అనుమానం ఉంటే ఆపొచ్చు కూడా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆక్రమిత ప్రాంతానికి సాయం ఆపినవాళ్లు చాలాసార్లు ఈ 23లోని మినహాయింపులను పట్టుకొచ్చి, ఆక్రమిత ప్రాంతానికి సాయం రానివ్వాలని చెప్పే ఆర్టికల్ 59కి అతికిస్తారు. 59లో అవి లేవు. ఎవరైనా 'దారి మళ్లుతుంది కాబట్టి ఆపే హక్కు ఉంది' అంటే, ఏ ఆర్టికల్ ప్రకారం అని అడగండి.

బాధ్యత ఎవరిది

ఇక్కడే కాస్త ఆగి నిదానంగా చదవాలి, ఎందుకంటే మొత్తం కథంతా మూడు ఆర్టికల్స్‌లో ఉంది, అవి ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి, ఒక్కటి తీసి చదివితే తప్పు అర్థమొస్తుంది.

ఆర్టికల్ 55: తన దగ్గరున్న వనరులు ఎంత అనుమతిస్తే అంత పూర్తిగా, జనానికి తిండీ మందులూ అందేలా చూడటం ఆక్రమించిన దేశం బాధ్యత. స్థానికంగా సరిపోకపోతే బయటినుంచి తెప్పించాలి. ఉన్న తిండిని తన సైన్యం కోసం ఎడాపెడా లాక్కోకూడదు, తీసుకున్నా జనం అవసరాలు చూసుకున్నాకే, సరైన ధర చెల్లించే తీసుకోవాలి. అంటే ఎవరో సాయం పంపిస్తే అడ్డుపడకుండా ఉండటంతో అయిపోదు, మొదటి బాధ్యత తనదే.

ఆర్టికల్ 59: అయినా జనానికి చాలకపోతే, బయటి దేశాలో రెడ్‌క్రాస్ లాంటి నిష్పక్షపాత సంస్థలో తెచ్చే సహాయ పథకాలకు ఒప్పుకోవాలి, చేతిలో ఉన్న అన్ని మార్గాల్లోనూ అవి సాగేలా చూడాలి. ఇక్కడ 'వీలైతే' లేదు, 'భద్రతకు లోబడి' లేదు. ఏ దారిన రావాలి, ఎప్పుడు రావాలి, ఎలా తనిఖీ చేయాలి అన్నవాటి మీద బేరమాడొచ్చు. రావొద్దు అనడానికి లేదు.

ఆర్టికల్ 60: బయటి సాయం వచ్చినంత మాత్రాన 55, 56, 59 కింద ఉన్న బాధ్యత ఏమాత్రం తగ్గదు. పిల్లాడికి అన్నం పెట్టాల్సిన తండ్రి, పక్కింటివాళ్లు గిన్నె తెచ్చిచ్చారు కదా అని ఇక నా పని అయిపోయింది అనలేడు, గిన్నె తెచ్చినవాళ్లని గుమ్మంలో ఆపడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్తాను. 56 ఆసుపత్రులు, ప్రజారోగ్యం, అంటువ్యాధుల గురించి, అదికూడా స్థానిక అధికారులతో కలిసి నడపాలి. 61 ప్రకారం సాయం సరుకుల మీద ఆక్రమిత ప్రాంతంలో పన్ను, కస్టమ్స్ సుంకం లాంటివి వేయకూడదు, ఆ ప్రాంత ఆర్థిక వ్యవస్థ మేలు కోసం తప్పనిసరైతే తప్ప. 62 వ్యక్తులకు వచ్చే పార్సిళ్లు. 63 స్థానిక రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ సంఘాలు తమ పని చేసుకోగలగడం, వాటిలో మనుషుల్ని మార్చి తమవాళ్లను కూర్చోబెట్టకూడదు.

ఈ ఆర్టికల్స్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఆక్రమించిన బెల్జియంకి హెర్బర్ట్ హూవర్ నడిపిన సహాయ కమిషన్ తిండి తోలింది. రెండో యుద్ధంలో గ్రీస్‌ని జర్మనీ, ఇటలీ, బల్గేరియా పంచుకుని ఆక్రమించాయి, బయట బ్రిటన్ సముద్ర దిగ్బంధనం పెట్టింది, 1941-42 చలికాలంలో జనం ఏథెన్స్ వీధుల్లోనే పడి చనిపోయారు. మొత్తం కరువుకి దాదాపు 3 లక్షల మంది బలయ్యారని ఒక అంచనా. టర్కీ నుంచి కుర్తులుష్ అనే నౌక తిండి తెచ్చింది, 1942 జనవరిలో మర్మరా సముద్రంలో మునిగిపోయింది. ఆ తర్వాత 1942లోనే రెడ్‌క్రాస్ ఏర్పాటుతో స్వీడన్ నౌకల్లో కెనడా గోధుమలు రావడం మొదలైంది. ఆక్రమించినవాడు తిండి పెట్టడు, దిగ్బంధనం పెట్టినవాడు రానివ్వడు, మధ్యలో జనం. 1949లో జెనీవాలో కూర్చుని 59 రాసినవాళ్లకి ఇదంతా ఏడేళ్ల కిందటి సంగతి మాత్రమే. అందుకే ఆ ఆర్టికల్ ఆక్రమించినవాడితో ఆగదు, దారిలో ఉన్న దేశాలన్నీ కూడా సరుకుని పోనివ్వాలని చెబుతుంది.

ఇక్కడ ఒక మెలిక చాలామందికి కనపడదు. సరుకు దారి మళ్లకుండా చూసుకునే హక్కు, తనిఖీ చేసే హక్కు 59లో ఉన్నాయి, కానీ అవి ఎవరికి? శత్రువు ఆక్రమించిన ప్రాంతానికి తన దారిన సరుకు పోనిచ్చే దేశానికి. దేనికోసం? ఆ సరుకు ఆక్రమించినవాడి పరం కాకుండా చూసుకోడానికి. అంటే ఆ నిబంధన భయపడింది ఆక్రమించినవాడి గురించే. ఆక్రమించిన దేశం తనిఖీలే చేయకూడదని కాదు, ఆయుధాలు వస్తున్నాయేమో చూసుకోవడం అందరూ ఒప్పుకునేదే. ఆ తనిఖీ సాయాన్ని నడిపించేదిగా ఉండాలి, నిలిపేసేదిగా కాదు.

ఏ దేశం ఏ కాగితానికి కట్టుబడి ఉంది

జెనీవా ఒప్పందాల్లో ప్రపంచంలోని దాదాపు అన్ని దేశాలూ ఉన్నాయి, 196. కాబట్టి నాలుగో ఒప్పందం వర్తించదు అనేవాళ్లు అరుదు. ఆ ఒప్పందాలకు అనుబంధంగా 1977లో వచ్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ వేరు. దాన్ని 170కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి, అమెరికా, ఇజ్రాయెల్ లాంటివి ఒప్పుకోలేదు. అందులో ఆర్టికల్ 69 ఆక్రమిత ప్రాంతాల్లో ఇవ్వాల్సినవాటికి పరుపులు, గూడు, బతకడానికి తప్పనిసరైన మిగతా సరుకులు కలుపుతుంది, 71 సహాయ సిబ్బందికి రక్షణ ఇస్తుంది. ఒప్పుకోని దేశం మీద వాదించేటప్పుడు ఈ రెండూ పట్టుకుంటే మొదటికే మోసం వస్తుంది, వెంటనే 'మేం దాన్ని ఒప్పుకోలేదు' అంటారు. అప్పుడు నాలుగో ఒప్పందం దగ్గరే ఉండండి, దానికి తోడు ఆచార చట్టం, అంటే దేశాలు ఆచారంగా పాటిస్తూ వచ్చినందువల్ల ఒప్పందంలో లేని దేశాలకీ వర్తించే నియమాలు. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2005లో ఆచార చట్టం మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది, అందులో 53వ నియమం పౌరులను ఆకలితో మాడ్చడం యుద్ధపద్ధతిగా వాడకూడదంటుంది, 55వది అవసరంలో ఉన్న పౌరులకు సాయం త్వరగా, అడ్డంకులు లేకుండా పోనివ్వాలంటుంది. 55 అన్న అంకె రెండుచోట్లా ఉండటం కాస్త తికమకే, ఏ 55 అన్నది రాసేటప్పుడు స్పష్టంగా రాయండి.

లారీల లెక్క ఎలా చదవాలి

లారీల లెక్క అక్కర్లేదని కాదు, దాన్ని దేనితో పోల్చాలో తెలియాలి. సహాయ సంస్థలు మనిషికి రోజుకి సుమారు 2,100 క్యాలరీలు, కనీసం 15 లీటర్ల నీళ్లు అని ప్లాన్ వేసుకుంటాయి. గోధుమపిండి కిలోకి దాదాపు 3,600 క్యాలరీలు. 20 టన్నుల పిండి లారీ ఒకటి అంటే 7.2 కోట్ల క్యాలరీలు, భాగిస్తే సుమారు 34 వేల మందికి ఒక్క రోజు. 10 లక్షల జనాభాకి ఒట్టి పిండితో క్యాలరీలు నింపాలన్నా రోజూ 29 లారీలు కావాలి, ఇందులో పప్పు లేదు, నూనె లేదు, పిల్లల పాలపొడి లేదు, మందులు లేవు. 'నిన్న 50 లారీలు పంపాం' అనే ప్రకటన వస్తే జనాభా ఎంత, లారీలో ఏముంది, అది రోజూ జరుగుతోందా అని అడగడానికి ఈ ఒక్క లెక్క చాలు.

నీళ్ల లెక్క ఇంకా బాగా చెబుతుంది. అదే 10 లక్షల మందికి మనిషికి 15 లీటర్ల చొప్పున రోజుకి కోటిన్నర లీటర్లు. 20 వేల లీటర్ల ట్యాంకర్లలో తోలాలంటే రోజుకి 750 ట్యాంకర్లు, ఇది జరిగే పని కాదు. పంపులు తిరగాలి, దానికి డీజిల్ కావాలి, పైపులు, స్పేర్ పార్టులు, క్లోరిన్ కావాలి. సరిగ్గా ఈ మూడునాలుగు వస్తువులే 'సైనికావసరాలకి కూడా పనికొస్తాయి' అని ఆగిపోతుంటాయి. 59లో తిండి, మందులు, బట్టలు మాత్రమే ఉన్నాయి కదా అంటారు. ఆ జాబితాకి ముందు 'ముఖ్యంగా' అని ఉంది, అంటే జాబితా అక్కడితో ఆగలేదు. పైగా 56 కింద ప్రజారోగ్యం చూసుకోవాల్సిన దేశమే డీజిల్ ఆపితే, ఆసుపత్రి జనరేటర్ దేనితో నడుపుతారో వాళ్లే చెప్పాలి.

ఇంకో మూడు చిన్న విషయాలు. సరిహద్దు దాటిన లారీ వేరు, లోపలి గోడౌన్‌కి చేరినది వేరు, ఇంటికి చేరిన బస్తా వేరు. ప్రకటనల్లో సాధారణంగా మొదటిదే చెబుతారు. వ్యాపారులు అమ్మకానికి తెచ్చిన సరుకునీ సాయాన్నీ కలిపి ఒకే అంకెగా చెప్పడం మామూలే, కొనడానికి డబ్బుల్లేనివాడికి మొదటిది ఉన్నా లేనట్టే. పంచే చోట్లు ఎన్ని అన్నది కూడా అడగండి. పంపిణీ కేంద్రాలు ఏ కొన్ని చోట్లో పెట్టి జనం నడిచి రావాలంటే ముసలివాళ్లు, గాయపడినవాళ్లు, చిన్నపిల్లల తల్లులు తెచ్చుకోలేరు, పైగా తిండి ఎక్కడ దొరుకుతుందో అక్కడికే జనం ఊళ్లు వదిలి వెళ్లిపోవాల్సి వస్తే ఆర్టికల్ 49 నిషేధించిన బలవంతపు తరలింపు ప్రశ్న కూడా లేస్తుంది.

కరువు ప్రకటించేదాకా ఆగకండి. ఆకలి తీవ్రతని కొలిచే అంతర్జాతీయ కొలమానంలో అయిదో దశ, అంటే కరువు, రావాలంటే కనీసం 20 శాతం ఇళ్లలో తిండి దాదాపు లేకపోవాలి, 30 శాతం పిల్లలు తీవ్ర పోషకాహార లోపంలో ఉండాలి, రోజుకి ప్రతి 10 వేలమందిలో ఇద్దరు చనిపోతుండాలి. చట్టం అంతదాకా ఆగమనలేదు. 59 మొదలయ్యేది జనానికి సరుకు చాలనప్పుడే. 'ఇంకా కరువు ప్రకటించలేదు కదా' అన్నది జవాబు కాదు.

సాకులు విన్నప్పుడు

'భద్రత' అన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఏ సరుకు, ఏ దారి, ఎప్పటిదాకా, దానికి బదులు ఏ దారి ఇస్తున్నారు అని అడగండి. రోడ్డు మీద యుద్ధం జరుగుతుంటే ఆ పూట ఆపడం వేరు, నెలల తరబడి మొత్తం మూసేయడం వేరు. 2025 మార్చి 2 నుంచి మే మూడో వారం దాకా ఇజ్రాయెల్ గాజాకి సాయమంతా ఆపేసింది, అది ఏ ఒక్క రోడ్డు భద్రత గొడవో కాదు.

'ఆ సంస్థ మాకు నమ్మకం లేదు' అన్నది రెండోది. ఒక్కోసారి అందులో నిజం ఉండొచ్చు, సంస్థ నిష్పక్షపాతంగా ఉండాలని 59 కూడా అంటోంది. అయితే ఆరోపణ చేసినవాళ్లే ఆధారం చూపాలి, దాని బదులు అదే స్థాయిలో పనిచేయగల వేరే ఏర్పాటు చూపించాలి. ఐక్యరాజ్యసమితి నడిపే పాలస్తీనా శరణార్థుల ఏజెన్సీ విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం 2025 అక్టోబర్ 22న ఇచ్చిన సలహా అభిప్రాయం దీన్నే తేల్చింది. ఆ ఏజెన్సీ నిష్పక్షపాతంగా లేదన్న ఆరోపణలకి తగిన ఆధారం లేదని, 59 కింద ఇజ్రాయెల్ ఐక్యరాజ్యసమితి సహాయ పథకాలకు, ఆ ఏజెన్సీ నడిపేవాటికి కూడా, ఒప్పుకుని సహకరించాలని చెప్పింది. సలహా అభిప్రాయం నేరుగా కట్టుబడాల్సిన తీర్పు కాదనేది నిజమే. ఒప్పందంలో ఉన్న బాధ్యత మాత్రం ఎప్పుడూ కట్టుబడాల్సిందే, కోర్టు దాన్ని చదివి వినిపించింది.

ఒప్పుకోకుండా ఊరుకోవడం కూడా ఒక సాకే. 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా డ్యామ్ తెగిపోయి నీప్రో నదికి రెండు వైపులా ఊళ్లు మునిగాయి. రష్యా సైన్యం అదుపులో ఉన్న వైపుకి వెళ్లడానికి ఐక్యరాజ్యసమితి అడిగింది, రష్యా ఇప్పటివరకు ఒప్పుకోలేదని అదే నెలలో బయటికే ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు ఎవరు ఎప్పుడు అడిగారు, జవాబు వచ్చిందా అన్న రెండు తేదీలే మీ ఆధారం.

ఇంకొకటి, కాస్త లోతైనది. 'ఆక్రమణ మొదలై ఏళ్లు గడిచాయి, ఆర్టికల్ 6 ప్రకారం సైనిక చర్యలు ముగిసిన ఏడాదికి చాలా నిబంధనలు ఆగిపోతాయి' అంటారు. నిజంగానే ఆర్టికల్ 6లో ఆ మాట ఉంది, ఆ తర్వాత కూడా కొనసాగే ఆర్టికల్స్ జాబితాలో 55, 60 లేవు. 59 ఉంది, 61, 62, 63 ఉన్నాయి. అంటే ఆ వాదన మొత్తంగా ఒప్పేసుకున్నా సాయాన్ని రానివ్వాల్సిన బాధ్యత అలాగే నిలబడుతుంది. మొదటి అదనపు ప్రోటోకాల్‌లో ఉన్న దేశాలకైతే ఈ ఏడాది గడువు గొడవే లేదు, ఆక్రమణ ముగిసేదాకా అన్నీ వర్తిస్తాయి.

ఆగిన సరుకుని ఎలా రాసిపెట్టుకోవాలి

మీరు సహాయ సంస్థలో ఉన్నా, వార్త రాస్తున్నా, పనికొచ్చేది ఇదే. ఆకలిని ఆయుధంగా వాడటం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టంలో యుద్ధనేరం, ఆర్టికల్ 8 కింద, సహాయ సరుకులకి కావాలని అడ్డుపడటం కూడా అందులోకే వస్తుంది. 2024 నవంబర్‌లో ఆ కోర్టు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద, మాజీ రక్షణమంత్రి గాలంట్ మీద ఇచ్చిన వారెంట్లలో ఈ ఆరోపణ ఉంది. వారెంట్ అంటే నేరం రుజువైనట్టు కాదు. అక్కడ తేలాల్సింది 'కావాలని' అన్నది, అది ఒక్క సంఘటనతో తేలదు, వరసగా ఉన్న చిన్నచిన్న కాగితాలతో తేలుతుంది. (రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌ని జర్మనీ ముట్టడిస్తే లక్షలమంది ఆకలితో చనిపోయారు, అయినా 1948లో నూరెంబర్గ్‌లో జర్మన్ సైన్యాధిపతులను విచారించిన అమెరికా ట్రిబ్యునల్ ఆ ముట్టడి అప్పటి చట్టం ప్రకారం నేరం కాదంది, చట్టం వేరేలా ఉంటే బాగుండేదని జడ్జీలే అనుకున్నారు. ఆకలిని యుద్ధపద్ధతిగా నిషేధించే మాట 1977 ప్రోటోకాల్ ఆర్టికల్ 54లో గానీ రాలేదు.)

ఊహించి ఒక ఉదాహరణ చెప్తాను. రెండు కోల్డ్ బాక్సుల్లో ఇన్సులిన్ చెక్‌పోస్టు దగ్గర ఆగింది. 'మందులు అడ్డుకున్నారు' అని రాస్తే అది ఎక్కడా నిలబడదు. ఇలా రాయాలి: పర్మిట్ కోసం అప్లికేషన్ పెట్టిన తేదీ, ఏ ఆఫీసుకి, అందినట్టు రసీదు ఉందా. జవాబు వచ్చిన తేదీ, కాగితం మీదా నోటిమాటగానా, నోటిమాటైతే సరిగ్గా ఏమన్నారు. సరుకు జాబితాలో ఏ లైన్‌కి అభ్యంతరం చెప్పారు, ఇన్సులిన్‌కా, బాక్సులోని బ్యాటరీకా. లారీ ఎన్ని గంటలకు చేరింది, ఎన్ని గంటలకు వెనక్కి తిరిగింది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, బాక్సులోని టెంపరేచర్ మీటర్ 8 దాటిన సమయం ఎంత, ఆ రీడింగ్ ఫొటో. ఇంతకుముందు ఇదే సరుకు ఇదే దారిన వెళ్లిందా, వెళ్తే ఎప్పుడు. చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు, నిజానికి అదే గట్టిది, ఎందుకంటే నిన్న పర్వాలేని సరుకు ఇవాళ ఎందుకు ప్రమాదమైందో వాళ్లు చెప్పాల్సి వస్తుంది.

మీకు తెలిసినది, మీరు విన్నది, మీరు అనుకున్నది మూడూ వేరువేరు చోట్ల రాయండి. ఫొటోల ఒరిజినల్ ఫైళ్లు కదపకుండా ఉంచండి, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైల్ లోపలి తేదీ, చోటు వివరాలు పోతాయి. ఇదంతా పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, బర్క్‌లీ యూనివర్సిటీ కలిసి 2020లో తెచ్చిన బర్క్‌లీ ప్రోటోకాల్ చూడండి.

ఎవరికి చెప్పాలి

సరుకు కదలడమే కావాలంటే మొదట ఐక్యరాజ్యసమితి మానవతా సమన్వయ కార్యాలయానికి, అందరూ ఓచా అనేదానికి చెప్పండి. అడ్డంకుల రికార్డు పెట్టుకుని అధికారులతో మాట్లాడటం దాని పనుల్లో ఒకటి. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీకి చెబితే అది గుట్టుగా మాట్లాడుతుంది, బయటికి చెప్పదు, కోర్టుల్లో సాక్ష్యం కూడా చెప్పదు. అది దాని పద్ధతి, అందుకే లోపలికి వెళ్లగలుగుతుంది, వాళ్లు ప్రెస్‌మీట్ పెట్టలేదని తిట్టకండి. బాధ్యులెవరో తేలాలంటే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, మానవ హక్కుల మీద అది పెట్టిన ప్రత్యేక ప్రతినిధులు, విచారణ కమిషన్ ఉంటే అది, క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ కార్యాలయం. ప్రాసిక్యూటర్‌కి ఎవరైనా సమాచారం పంపొచ్చు, లాయర్ అక్కర్లేదు. ఆక్రమణలో ఉన్న పౌరులకి కూడా రెడ్‌క్రాస్‌కి నేరుగా మొరపెట్టుకునే హక్కు ఆర్టికల్ 30లో ఉంది.

మీ సొంత ప్రభుత్వాన్ని మర్చిపోకండి. ఒప్పందాన్ని పాటించడమే కాదు, మిగతావాళ్లు పాటించేలా చూడటం కూడా ప్రతి దేశం మీదా ఉంది, ఇది ఆర్టికల్ 1. ఆ సరుకు మీ దేశం ఓడరేవు నుంచో గగనతలం మీదుగానో వెళ్లాలంటే 59 మూడో పేరా నేరుగా మీ దేశానికే తగులుతుంది. బ్యాంకు డబ్బు పంపడానికి ఆంక్షలు అడ్డమంటే 2022 డిసెంబర్ నాటి భద్రతా మండలి తీర్మానం 2664 చూపించండి, ఐక్యరాజ్యసమితి విధించిన ఆస్తుల స్తంభనల నుంచి మానవతా సాయానికి అది మినహాయింపు ఇచ్చింది. ఒక్కో దేశం సొంతంగా పెట్టిన ఆంక్షలకు అది వర్తించదు, కాబట్టి ఆ ఆంక్ష ఎవరిదో ముందు కనుక్కోండి.

బయటపెట్టే ముందు రాసుకున్నదాన్ని రెండు కాపీలు చేయండి. ఒకదాంట్లో అన్నీ ఉంటాయి, అది విచారణ చేసేవాళ్లకి. రెండోదాంట్లోంచి డ్రైవర్ల పేర్లు, లారీ నంబర్లు, గోడౌన్ ఎక్కడుందో చెప్పే ఫొటోలు, రేపు మళ్లీ వాడబోయే దారి తీసేయండి. రేపు అదే చెక్‌పోస్టు ముందు అదే డ్రైవర్ మళ్లీ నిలబడాలి కాబట్టి పేపర్‌కీ, నెట్‌కీ ఆ రెండోదే ఇవ్వండి.